లాంగ్ ట్రెక్‌కి సాయర్ స్క్వీజ్ ఫిల్టర్: తీసుకోవచ్చు, కానీ ఇవి చూసుకోండి

రోజుల తరబడి నడిచే ట్రెక్‌కి సామాన్లు సర్దేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది నీళ్ల సంగతే, లీటర్ నీళ్లంటే కిలో బరువు, దారంతా మోసుకుంటూ పోలేం కదా. అందుకే దారిలో దొరికే నీళ్లని వడగట్టుకుని తాగడానికి నేను సాయర్ స్క్వీజ్ అనే చిన్న ఫిల్టర్ వాడుతున్నా, చాలా నచ్చింది. అరచేతిలో పడుతుంది, బరువు 100 గ్రాముల లోపే, లోపల సన్నటి గొట్టాల్లాంటి పోగులుంటాయి, వాటి రంధ్రాలు 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కాబట్టి బ్యాక్టీరియా, కడుపు పాడుచేసే జియార్డియా అనే సూక్ష్మజీవి లాంటివి దాటి రాలేవు. వైరస్‌లు మాత్రం ఆగవు, ఊళ్లు దాటి కిందికి పారే నీళ్లయితే మరిగించాల్సిందే.

బురద నీళ్లు పోస్తే ధార సన్నబడిపోతుంది, అప్పుడు తాగే వైపు నుంచి సిరంజితో మంచినీళ్లు గట్టిగా కొడితే మళ్లీ బాగా వస్తుంది, బరువని ఆ సిరంజి ఇంట్లో వదిలేయకండి ప్లీజ్. ఇంకోటి, ఒకసారి తడిసిన ఫిల్టర్ చలికి గడ్డకడితే ఇక దాన్ని నమ్మడానికి లేదు, పోగులు చిట్లినా పైకి ఏమీ తెలీదు, రాత్రిపూట స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కనే పెట్టుకుని పడుకోండి. బయల్దేరే ముందే ఇంట్లో బాటిల్‌కి బిగించి, బాటిల్‌ని పిండి చూడండి, లోపల రబ్బరు వాషర్ ఉందో లేదో కూడా, అది లేకపోతే మురికినీళ్లు పక్కనుంచి కారి మంచినీళ్లలో కలుస్తాయి.