ఉప్పుగాలిలో ఎనిమిదేళ్లు: జీప్ ఛాసిస్‌కి ఎపాక్సీ, మైనం

మాది విశాఖ. ఇంటి నుంచి సముద్రం కిలోమీటరున్నర. నాన్నగారి 1972 మోడల్ హై బానెట్ జీప్, మహీంద్రా సీజే-3బీ. 2014లో హుద్‌హుద్ తుఫానుకి షెడ్డు రేకులు లేచిపోయాక రెండు వానాకాలాలు ఆరుబయటే నానింది. 2016 చివర్లో బాడీ పైకెత్తి ఛాసిస్‌ని, అంటే బండి అడుగు చట్రాన్ని, విడిగా తీశాం. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో రవ్వని కొట్టి తుప్పు వదిలించడం) చేయించి, రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ తొలి పూతగా, దానిమీద నల్ల ఎపాక్సీ రంగు వేయించి, లోపలి బోలు భాగాల్లో క్యావిటీ వ్యాక్స్ అనే మైనం కొట్టాం. ఎనిమిదేళ్లు దాటాక కిందటి నెల పిట్‌లో దిగి, టార్చి వేసుకుని అంగుళం అంగుళం చూశాను. ఏది నిలబడిందో, ఏది నిలబడలేదో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందు, విప్పినప్పుడు ఏం చూశామో చెప్పాలి. ఈ జీప్ ఛాసిస్ నిచ్చెనలా ఉంటుంది. రెండు పొడుగు చానళ్లు, వాటి మధ్య రివెట్లతో బిగించిన క్రాస్ మెంబర్లు. ఇంజిన్ వైపు మాత్రం చానల్‌ని లోపలి నుంచి పలకతో మూసి పెట్టెలా చేశారు. నాన్న ఏటా కొట్టించిన నల్లరంగు పైన నిగనిగలాడుతూనే ఉంది. సుత్తితో తడుతూ వెళ్తుంటే ఖంగు ఖంగున మోగిన ఇనుము, ముందు ఎడమ కమాన్ బ్రాకెట్ దగ్గరికొచ్చేసరికి మొద్దుగా పలికింది. స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కితే దిగిపోయింది. బంపర్ వైపు కన్నంలో తీగ పెట్టి కెలికితే ఎర్రమట్టి, తుప్పు పెచ్చులు కలిసి రెండు దోసిళ్లు రాలాయి. వానలు ఆగి నెల దాటినా చేతికి ఆ మట్టి చెమ్మగా తగిలింది. అరకు ఘాట్ రోడ్డు మట్టి అయ్యుండాలి. ఎన్నేళ్లుగా అక్కడ కూర్చుని లోపలినుంచి తింటోందో!

పాడైన ముక్క కోయించి, అదే మందం ప్లేటు వెల్డింగ్ చేయించాం. తర్వాత మంచినీళ్లతో గట్టిగా ప్రెషర్ వాష్. ఇది మా బాబాయి పట్టుబట్టి చేయించిన పని. ఆయన షిప్‌యార్డ్‌లో చాలా ఏళ్లు పెయింటింగ్ పనులు చూశారు. ఉప్పు కడక్కుండా బ్లాస్టింగ్ చేస్తే అది గుంటల్లోనే ఉండిపోయి, రంగు కింద మళ్లీ తడిని లాగుతుందని ఆయన మాట. హ్యాండ్ గ్రైండర్‌తో సరిపెడదామని నేనన్నాను. గ్రైండర్ గుంట అంచుల్ని మెరిపిస్తుంది గానీ అడుగున తుప్పుని తియ్యలేదని ఆయన ఒప్పుకోలేదు. ఏటి ఇసుకతో కొట్టించొద్దని కూడా చెప్పారు. ఆ దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయి. గార్నెట్‌తో కొట్టించాం. మన శ్రీకాకుళం తీరపు ఇసుకలో దొరికే ఖనిజమే అది.

పొరపాటు జరిగింది ఇక్కడే. బ్లాస్టింగ్ అయిన ఇనుముకి నాలుగు గంటల్లోపు ప్రైమర్ పడిపోవాలి. షాపువాళ్లు ముందు సగానికి వేసి, చీకటి పడిందని వెనక సగం మర్నాటికి వదిలేశారు. జనవరి నెల, పొద్దున్నే మంచు. నేను వెళ్లేసరికి వెనక క్రాస్ మెంబర్ మీద లేత నారింజ రంగు పొర పట్టింది. థిన్నర్ గుడ్డతో తుడిచి, ఏం కాదన్నారు. మళ్లీ బ్లాస్టింగ్ చేయమని నేను పట్టుబట్టాల్సింది. మూడో ఏడు సరిగ్గా అక్కడే, షకిల్ (కమాన్ చివర ఊగే లింకు) బ్రాకెట్ రివెట్ల చుట్టూ, రంగు పొక్కులు లేచింది. గోటితో గీరితే పెచ్చు ఊడి కింద ఎర్రగా కనిపించింది. మిగతా ఛాసిస్ అంతటికీ అదే ప్రైమర్, అదే చెయ్యి. ఒక్క పొక్కు లేదు.

ఎపాక్సీ గురించి నాకు రెండు విషయాలు అనుభవంలో తెలిశాయి. రంగుని గట్టిపరిచే రెండో డబ్బా, హార్డెనర్, కలిపాక కాసేపు ఆగాలి, ఎంతసేపో డబ్బా మీద ఉంటుంది, మాది ఇరవై నిమిషాలు. రెండోది బాబాయి మాటల్లోనే చెప్తాను: "ఒరేయ్, అంచు మీద రంగు నిలవదురా, జారిపోద్ది. ముందు బ్రష్‌తో అంచులకి, వెల్డింగులకి, రివెట్ తలలకి రంగు పట్టించు. తర్వాత స్ప్రే గన్ పట్టు." అలాగే చేశాం. ఇవాళ చానల్ అంచులన్నీ చెక్కుచెదరలేదు. రాళ్లు తగిలిన చోట రంగు చిన్న చిన్నగా చిట్లింది కానీ తుప్పు పక్కకి పాకలేదు. పాత కారుకి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించే పూత) చేయించిన మా స్నేహితుడికి ఒక చోట చిట్లితే, తుప్పు ఆ పొర కిందుగా అరచేయంత మేర వెళ్లిపోయింది.

ఇక మైనం. డబ్బులకి తగ్గ ఫలితం ఇచ్చింది ఇదేనని నా గట్టి నమ్మకం. సన్నటి గొట్టం కన్నంలోంచి దూర్చి, వెనక్కి లాగుతూ కొడితే లోపల అన్ని వైపులా పడుతుంది. రేకుకీ రేకుకీ మధ్య సందుల్లోకి పాకుతుంది. మూసిన పెట్టె లోపలికి ఏ బ్రష్షూ వెళ్లదు కాబట్టి ఇంకో దారి లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి ఏప్రిల్ ఎండకి నెలరోజులు నేలంతా చుక్కలు. సైలెన్సర్ గొట్టం పక్కన కరిగి జారిపోయింది, అక్కడ ఏటా కొడుతున్నాను, మిగతా చోట్ల రెండేళ్లకోసారి. మొదటిసారి నేను అతిగా కొట్టడంతో నీళ్లు పోయే కన్నం ఒకటి పూడుకుపోయింది. వానాకాలం మధ్యలో చూసి తీగతో పొడిస్తే గ్లాసుడు నీళ్లు కారాయి. అప్పటి నుంచి జూన్‌కి ముందు కన్నాలన్నీ పొడిచి చూస్తాను.

సర్వీసింగ్‌లో వేస్ట్ ఆయిల్ కొట్టిస్తామంటే వద్దనండి. రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, దుమ్ము అట్టకడుతుంది. తారులాంటి అండర్‌కోటింగ్ కూడా ఈ జీప్‌కి నేను ఒప్పుకోను. ఎండి పగిలాక దాని వెనక నీళ్లు చేరితే బయటికి కనిపించవు.

కిందటి నెల ఫోన్‌కి తగిలించే చిన్న గొట్టం కెమెరాని ఆ ఎడమ పెట్టెలోకి పంపాను. లేత గోధుమ రంగు మైనం, దాని కింద వెల్డింగ్ గీత స్పష్టంగా కనిపించాయి. ఎరుపు ఎక్కడా లేదు. వెనక క్రాస్ మెంబర్ రివెట్లు మాత్రం ఈ డిసెంబరులో తీయించి, ఆ ముక్కకి మళ్లీ బ్లాస్టింగ్ చేయిస్తున్నాను. ఈసారి ప్రైమర్ పడేదాకా అక్కడే నిలబడతాను.