స్లైడ్ కార్బురేటరా, సీవీ కార్బురేటరా?

బైక్ ఇంజిన్‌కి గాలి, పెట్రోల్ కలిపి పంపేది కార్బురేటర్. స్లైడ్ రకంలో దాపరికం ఏమీ లేదు. యాక్సిలరేటర్ తిప్పితే కేబుల్ నేరుగా స్లైడ్‌ని, అంటే గాలి దారికి అడ్డంగా ఉండే మూతని పైకి లాగుతుంది, దాంతోపాటే పెట్రోల్‌ని కొలిచే నీడిల్ లేస్తుంది. సీవీలో (కాన్‌స్టంట్ వెలాసిటీ) కేబుల్ తెరిచేది బటర్‌ఫ్లై వాల్వ్‌ని, అంటే గాలి దారిలో తిరిగే గుండ్రటి రేకుని మాత్రమే. స్లైడ్‌ని లేపేది ఇంజిన్ లాగే వాక్యూమ్, మధ్యలో పల్చటి రబ్బరు డయాఫ్రమ్. అందుకే సీవీ బండి ఒక్కసారిగా ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా అంతగా తడబడదు, స్లైడ్‌ది అయితే గాలి ముందు దూరి పెట్రోల్ వెనకబడి ఒక క్షణం గుటక మింగుతుంది.

రిపేరుకొచ్చేసరికి మాత్రం నా ఓటు స్లైడ్‌కే. సీవీ డయాఫ్రమ్ కాస్త చిరిగితే ఐడిలింగ్ బాగానే ఉంటుంది కానీ ఎంత తిప్పినా బండి లాగదు, మనమేమో జెట్లు (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాల ముక్కలు) విప్పుకుంటూ కూర్చుంటాం. నేనూ ఓ ఆదివారమంతా అలాగే తగలేశాను. ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వేలితో స్లైడ్‌ని లేపి వదలండి. మెల్లగా దిగితే సరే, టక్కున పడితే రబ్బరుని వెలుతురుకి అడ్డంపెట్టి చూడండి. కార్బ్ క్లీనర్ స్ప్రే దాని మీద పడనివ్వకండి, ఉబ్బిపోతుంది.

ఇక ఐడిలింగ్‌లో గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ. స్లైడ్ వాటిలో అది చాలావరకు ఫిల్టర్ వైపు ఉంటుంది, గాలిని కొలుస్తుంది, బయటికి తిప్పితే లీన్ (పెట్రోల్ పాలు తక్కువ). సీవీలో చాలావరకు ఇంజిన్ వైపు ఉంటుంది, పెట్రోల్‌ని కొలుస్తుంది, బయటికి తిప్పితే రిచ్ (పెట్రోల్ పాలు ఎక్కువ). పూర్తిగా తిరగబడ్డ లెక్క! ఏ వైపుందో చూడకుండా స్క్రూడ్రైవర్ పెట్టకండి.