ఆకు మిడతా, పుల్ల పురుగా?

మొన్న వానపడ్డ రాత్రి వరండా లైటు దగ్గరికి ఒక జామాకు ఎగిరొచ్చి గోడకి అతుక్కుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆకు మిడత! రెక్క మీద నడిమి ఈనె, దాన్నుంచి చీలిన సన్నటి ఈనెలు, అంచున ఎండిన మచ్చ కూడా. ఒంటికన్నా పొడుగైన మీసాలు మాత్రం మెల్లగా కదులుతున్నాయి. దీని చెవులు తల మీద ఉండవు, ముందుకాళ్లకి మోకాలి కింద ఉంటాయి. మగది ముందు రెక్కలు రెండూ రాపిడి చేసి పాడితే ఆడది ఆ కాళ్లతోనే వింటుంది.

పుల్ల పురుగు దారి వేరు. పాట లేదు, చాలా జాతుల్లో రెక్కలూ లేవు. ముందుకాళ్లు చాచి ఎండుపుల్లలా బిగుసుకుంటుంది. గాలి వీస్తే కొమ్మతో పాటు తనూ ఊగుతుంది. గుడ్లు కూడా అచ్చం గింజల్లాగే ఉంటాయి.

దాక్కోవడంలో పుల్ల పురుగుదే పైచేయి. మిడత ఆకుల్లో ఉన్నంతసేపే మాయం, మా తెల్లగోడ మీద ఇట్టే దొరికిపోయింది. పైగా దాని పాట విని వచ్చి పట్టేసే గబ్బిలాలు ఉన్నాయి. అయినా నా మనసు మిడత మీదే. లైటు ఆర్పాక పెరట్లోంచి సన్నగా పాట మొదలైంది. టార్చి వేసి జామకొమ్మలన్నీ వెతికాను, కనపడితే ఒట్టు.