వేసుకుని వంట చేసుకోగలిగిన కంప్రెషన్ స్లీవ్

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో లింఫ్ బిళ్ళలు తీసేశాక చెయ్యి వాచినవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే: వాపు దిగేలా చేతిని నొక్కే ఈ కరెంటు స్లీవ్ (తొడుగు) వేసుకుని పప్పు తాలింపు పెట్టుకోవచ్చు. ఇదే పని గాలితో చేసే పంపు వాడినవాళ్ళకి ఆ మాట విలువ బాగా తెలుస్తుంది. సంచీ భుజం దాకా తొడుక్కుని, గొట్టాలు తగిలించుకుని, గంటసేపు కదలకుండా పడుకోవాలి. అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకుంటూ, రోజూ ఆ గంట ఎక్కణ్ణుంచి తేవాలి? వారంలో సగం రోజులు కుదిరేదే కాదు.

దీంట్లో గాలి లేదు. బట్ట లోపల నికెల్, టైటానియం కలిసిన సన్నటి తీగలుంటాయి. కరెంటు పారితే వేడెక్కి కుంచించుకుంటాయి, చల్లారితే వదులవుతాయి. ముందు మణికట్టు దగ్గర పట్టీ బిగుస్తుంది, తర్వాత దానిపైది, అలా వరసగా భుజం దాకా. సాయంత్రానికి నా ముంజేతి మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. ఇది వేసుకుని వంట, గిన్నెలు అయ్యేసరికి అదే చోట నొక్కితే ఎంతో తేడా. మొదటి నెలల్లో కనిపించిన వాళ్ళందరికీ దీని గురించే చెప్పాను.

డాలస్ ఎండాకాలంలో లోపల చెమట పట్టి దురద పెడుతుంది, అది వేరే సంగతి. అసలు కోపం ఫోన్ యాప్‌తో స్లీవ్‌ని నడిపించే కంట్రోలర్ మీద.

పిన్ని కూతురి పెళ్ళికి ఒంగోలు వెళ్ళాను. దిగిన కొద్ది రోజులకే కంట్రోలర్ ఫోన్‌కి కనెక్ట్ కావడం మానేసింది. ఛార్జింగ్ ఉంది, లైటు వెలుగుతోంది, యాప్ మాత్రం పరికరం దొరకలేదంటుంది. యాప్ తీసేసి మళ్ళీ పెట్టాను, ఫోన్ మార్చాను, మా తమ్ముడు ఇంకేదో చేశాడు, లాభం లేదు. కస్టమర్ కేర్ వాళ్ళు ఎత్తేది అమెరికా పగలు, అంటే మనకి రాత్రి. నిద్ర మానుకుని లైన్లో ఉంటే, అమెరికా బయట వారంటీ వర్తించదు, వెనక్కి వచ్చాక పంపండి, మారుస్తాం అన్నారు. అంతవరకూ నా చెయ్యి ఏం కావాలి? యాప్ లేకపోతే కనీసం ఒక్క ఒత్తిడితోనైనా నడిపించుకోవడానికి దానిమీద ఒక బటన్ లేదు. ఇంత ఖరీదైన వస్తువు బ్లూటూత్ పోతే ఉత్త గుడ్డ. చేతి వాపుతో రోజులు గడిపే మనిషిని ఎవరైనా అడిగి తయారు చేసి ఉంటే ఆ బటన్ పెట్టి ఉండేవాళ్ళు.

పెళ్ళి దగ్గరపడేసరికి ఉంగరం ఎక్కలేదు, జాకెట్టు చెయ్యి పట్టలేదు. పిన్ని చూసి, "ఏమే, బోదకాలు చేతికి కూడా వస్తుందా?" అని కంగారు పడింది. ఆమె భయంలో అర్థం ఉంది. బోదకాలులో దోమ కాటుతో చేరిన పురుగులు ఒంట్లో నీటిని తీసుకుపోయే లింఫ్ నాళాల్ని పాడుచేస్తాయి, నాకు ఆపరేషన్‌లో ఆ దారి తెగింది. నీరు నిలిచిపోవడం రెండిట్లోనూ ఒకటే.

విజయవాడలో ఒక ఫిజియోథెరపిస్టు దొరికారు. ముందు వేళ్ళకి విడివిడిగా గాజుగుడ్డ, మీద దూది పొర, ఆపైన పెద్దగా సాగని రకం బ్యాండేజీ కట్టారు. అరచేతి దగ్గర ఎక్కువ పొరలు, పైకి పోయేకొద్దీ తక్కువ. "కట్టాను కదా అని చెయ్యి దాచుకోకమ్మా, పని చేసుకో. కదిలితేనే ఇది పనిచేస్తుంది" అన్నారు. ఈ బ్యాండేజీ ఊరికే ఉన్నప్పుడు పెద్దగా నొక్కదట, కండరం ఉబ్బినప్పుడు సాగకుండా అడ్డుపడుతుంది, ఆ ఒత్తిడికి నీరు కదులుతుంది. పెళ్ళి రోజుకి ఉంగరం ఎక్కింది. కదులుతూ వాడుకోవచ్చని నేను ఆ స్లీవ్‌ని అంత మెచ్చుకున్నానే, ఆ సుఖం ఈ బ్యాండేజీ కట్టులోనూ ఉంది. కాకపోతే చుట్టడానికి చాలాసేపు పడుతుంది, ఒంటి చేత్తో చుట్టుకోవడం నేర్చుకోవాలి.

ఇంకొకటి, కరెంటు స్లీవ్ కొంటే కరెంటు లేని మామూలు బిగుతు స్లీవ్ అక్కర్లేదనుకోకండి. పగలంతా నేను వేసుకునేది కొలతలు తీసి అల్లించిన క్లాస్ 2 స్లీవే, అంటే చేతిని నొక్కే ఒత్తిడి 23–32 ఎంఎంహెచ్‌జీ. అది ఆరు నెలలకి సాగిపోతుంది, మార్చాలి. అమెరికాలో మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్న పెద్దవాళ్ళకి 2024 జనవరి నుంచి ఇలాంటివి, వాచిన ఒక్కో భాగానికి పగటివి ఆరు నెలలకి మూడు, రాత్రివి రెండేళ్ళకి రెండు వస్తున్నాయి. మీ అమ్మగారో అత్తగారో అక్కడ ఉంటే అడగండి, చాలామందికి తెలియదు.

తిరిగొచ్చాక కొత్త కంట్రోలర్ ఇచ్చారు, ఇప్పుడు బాగానే నడుస్తోంది, రోజూ వాడుతున్నాను. నా స్లీవ్‌కి ఆఫీసు ఇన్సూరెన్స్ ఎక్కువ భాగం కట్టింది, అదీ డాక్టరు ఉత్తరాలు, తిరస్కరణలు, అప్పీలు అన్నీ అయ్యాక. చేతి డబ్బు పెట్టాల్సి వస్తే నేను కొనను. ఇండియాలో ఉన్న అమ్మకి పంపుదామనుకుంటే మాత్రం వద్దనే అంటాను. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి థెరపిస్టు దగ్గర కట్టు కట్టుకోవడం నేర్పించండి, కొలతలు తీసి మామూలు స్లీవులు చేయించండి. ఏది వాడినా, చెయ్యి ఎర్రగా వేడిగా మారి జ్వరం వస్తే వెంటనే తీసేసి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అది ఇన్ఫెక్షన్ కావచ్చు, తెల్లారేదాకా ఆగొద్దు.