కుక్క గోకుడికి స్టెరాయిడా, ఓక్లాసిటినిబా? ఏది మేలు?

వానలు మొదలయ్యాయంటే చాలు, నాకు ఒకటే ప్రశ్న. "అన్నా, మావాడు రాత్రంతా గోక్కుంటున్నాడు, పాదాలు నాకి నాకి ఎర్రగా చేసుకున్నాడు, డాక్టర్ స్టెరాయిడ్ రాశారు, వేయొచ్చా? అపోక్వెల్ అని ఇంకోటేదో ఉందంట కదా, అది మంచిదా?" మా ల్యాబ్రడార్ చింటూకి ఇప్పుడు ఆరేళ్లు, 32 కిలోలు. మూడో ఏట అటోపీ, అంటే చర్మానికొచ్చే ఎలర్జీ, మొదలైంది. రెండు మందులూ వాడి చూశాం కాబట్టి చెప్తున్నాను.

అయితే గోక్కునే ప్రతి కుక్కకీ ఎలర్జీ ఉన్నట్టు కాదు. పిడుదుల మాత్ర వేసి, చర్మం గీకి స్కిన్ స్క్రేపింగ్ చేయించి, ఫంగస్ ఉందో లేదో చూపించాకే ఈ చర్చ. ఎందుకంటే ఈ రెండు మందులూ ఒంట్లో రక్షణ వ్యవస్థని ఎంతో కొంత తగ్గించేవే. లోపల డెమోడెక్స్ పురుగు ఉన్న కుక్కకి వేస్తే కొన్నాళ్లు బాగున్నట్టే ఉండి తర్వాత ఒళ్లంతా పాకుతుంది.

ప్రెడ్నిసోలోన్ (నేను చెప్పే స్టెరాయిడ్ ఇదే) సంగతి అందరికీ తెలిసిందే. చవక, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, ఒకట్రెండు రోజుల్లో పని చేస్తుంది. వేసినన్నాళ్లూ ఆకలి, దాహం, ఉచ్చ. మావాడు బకెట్ నీళ్లు తాగి అర్ధరాత్రి హాల్లోనే కానిచ్చేవాడు, ఒకరోజు ఇడ్లీ పిండి గిన్నె కూడా ఖాళీ చేశాడు. ఇవి మందు తగ్గిస్తే తగ్గేవే, వీటికి భయపడక్కర్లేదు. ఎక్కువ రోజులు వాడాక మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఇంకొకటి, కాలు నొప్పని ఇంట్లో ఉన్న మెలాక్సికామ్ లాంటిది దీంతో కలిపి వేయకండి, కడుపులో పుండ్లు పడతాయి.

ఓక్లాసిటినిబ్ (అపోక్వెల్‌లో ఉండే మందు ఇదే) 2013లో అమెరికాలో అనుమతి పొందింది. స్టెరాయిడ్ కాదు. దురద పుట్టించే ఇంటర్‌ల్యూకిన్-31 లాంటి సంకేతాలని ఆపుతుంది. మొదటి మాత్ర వేసిన కొన్ని గంటల్లోనే తేడా తెలుస్తుంది, ఆ దాహం, ఆ ఉచ్చ గోల ఉండదు. మొదట రోజుకి రెండుసార్లు, అదీ 14 రోజులకి మించకుండా, తర్వాత ఒక్కసారే. ఆ పదిహేనో రోజున గోకుడు కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది, చాలామంది అక్కడే టెన్షన్ పడి మళ్లీ రెండుసార్లు వేసేస్తారు. అలా చేయొద్దు, డాక్టర్‌కి చెప్పండి, చాలావరకు కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. ఏడాది నిండని పిల్లలకీ, ఒంట్లో పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నవాటికీ ఇది పనికిరాదు. క్యాన్సర్ గడ్డ ఉన్న కుక్కకైతే డాక్టర్ ఆలోచించి మరీ ఇవ్వాలి. ధర సంగతికొస్తే, దీని ఒక్క మాత్ర డబ్బుతో ప్రెడ్నిసోలోన్ స్ట్రిప్పులు కొన్ని వస్తాయి.

నన్నడిగితే ఇక్కడ తేల్చేది మందు పేరు కాదు, ధరా కాదు. మీ కుక్క ఏడాదిలో ఎన్ని నెలలు గోక్కుంటుంది? ముందు ఆ లెక్క తీయండి.

మొదటి ఏడాది చింటూకి వానాకాలంలోనే వచ్చింది. ప్రెడ్నిసోలోన్ వేశాం, రెండు వారాలు, తర్వాత తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాం. ఏ ఇబ్బందీ రాలేదు. అలాంటి కేసుకి నెలకి వేలు పోయడం దండగ. రెండో ఏడాది సంక్రాంతి దాటినా తగ్గలేదు. నేనేం చేశానంటే, మళ్లీ చూపించకుండా పాత చీటీ పట్టుకుని ఐదు నెలలు అవే మాత్రలు తెచ్చి వేశాను. తప్పు నాదే. పొట్ట కుండలా వేలాడింది, నడుము దగ్గర జుట్టు పల్చబడింది, వెనక కాళ్లలో కండ కరిగి సోఫా ఎక్కలేకపోయాడు. మందు వల్ల వచ్చిన కుషింగ్స్, అంటే ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు, అన్నారు. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి ఆపడానికే చాలా వారాలు పట్టింది.

అప్పటి నుంచి రోజుకో 16 మిల్లీగ్రాముల ఓక్లాసిటినిబ్. ఆరు నెలలకోసారి రక్త పరీక్ష. ఏడాదంతా గోక్కునే కుక్కకి, డబ్బు పెట్టగలిగితే, నా ఓటు దీనికే. పెట్టలేకపోతే ప్రెడ్నిసోలోన్‌నే రోజు మార్చి రోజు, ఎంత తక్కువతో నెట్టుకురాగలమో అంత తక్కువ మోతాదులో వాడే పద్ధతి ఉంది, సిగ్గుపడకుండా మీ డాక్టర్‌ని అడగండి.

మిగతావి? సైక్లోస్పోరిన్ మంచిదే కానీ గుణం కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదట్లో కొన్ని వాంతులు చేసుకుంటాయి. సైటోపాయింట్ ఇంజెక్షన్ నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి, మీ డాక్టర్ దగ్గర దొరికితే మాత్ర మింగని కుక్కలకి బాగుంటుంది. సెట్రిజిన్‌తో పెద్దగా ఒరిగేది లేదు. మనం గజ్జికి రాసుకునే ట్యూబు క్రీములు అసలు వద్దు, నాకేస్తాయి.

ఒక్క చోట మాత్రం నా మాట చెల్లలేదు. మొన్న చింటూకి చెవి లోపల వాచి రంధ్రం దాదాపు మూసుకుపోయింది. దురద తగ్గించినంత బాగా ఓక్లాసిటినిబ్ ఆ వాపు తగ్గించలేదని చెప్పి, దాన్ని ఆపించి డాక్టర్ మళ్లీ ప్రెడ్నిసోలోన్ రాశారు, పది రోజులు. నేనూ మారు మాట్లాడకుండా వేశాను, ఇడ్లీ పిండి మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి.