బ్లాక్ ట్యాంక్ గేజ్ అబద్ధాలు చెప్తోంటే: కడగాలా, సెన్సర్ మార్చాలా, టార్చి లైటు చాలా?

ఎండాకాలం సెలవలు దగ్గరపడితే చాలు, అమెరికాలో ట్రైలరో మోటర్‌హోమో (ఇలాంటి బళ్ళనే ఆర్వీ అంటారు) కొనుక్కున్న మనవాళ్ళ దగ్గర్నించి ఒకటే ప్రశ్న. డంప్ స్టేషన్‌లో, అంటే ట్యాంకులు ఖాళీ చేసే చోట, మొత్తం వదిలేసి వచ్చాం, హోస్ కూడా కడిగేశాం, అయినా ప్యానెల్ మీద బటన్ నొక్కితే బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు చేరేది) మూడింట రెండొంతులు నిండినట్టే లైట్లు వెలుగుతున్నాయి, ఇప్పుడు ఏ కెమికల్ పొయ్యాలి, లేకపోతే సెన్సరే మార్చెయ్యాలా అని. ఫ్రెష్ వాటర్ గేజ్ మాత్రం బుద్ధిగా పనిచేస్తూ ఉంటుంది, చూస్తే అదే ప్యానెల్, అదే రకం సెన్సర్. తేడా అంతా ట్యాంకులో ఉన్న సరుకుతోనే.

కంపెనీ నుంచి వచ్చే సెన్సర్ అంటే ట్యాంక్ గోడకి వేరువేరు ఎత్తుల్లో బిగించిన చిన్న స్టీల్ బోల్టులు, అంతే. నీళ్ళు తగిలితే ఒక బోల్టు నుంచి ఇంకోదానికి కొద్దిగా కరెంట్ పారుతుంది, లైటు వెలుగుతుంది. తడి టిష్యూ ముక్క ఒకటి బోల్టుకి అతుక్కున్నా, గోడ మీద తడి జిడ్డు పొర మిగిలినా, దాని లెక్కలో అవీ నీళ్ళే.

డబ్బులు తగలేసే ముందు ఒక పరీక్ష చెయ్యండి. బోల్టులు చేతికి అందేలా ఉంటే, ఖాళీ ట్యాంకుకి ఫుల్ అని చూపిస్తున్న టైంలో పై బోల్టుకున్న వైరు పీకి, లోపల ఎవరినైనా బటన్ నొక్కమనండి. లైటు ఆరిపోతే మురికి ట్యాంకులో ఉంది. వైరు పీకినా వెలుగుతూనే ఉంటే తేడా వైరింగ్‌లోనో ప్యానెల్‌లోనో ఉంది, అలాంటప్పుడు ఎన్ని సీసాలు పోసినా దండగే. అదే ట్యాంక్ నిండిపోయినా ఖాళీ అని చూపిస్తుంటే ఊడిన వైరో, తుప్పు పట్టిన కనెక్షనో అయ్యుంటుంది.

సరే, మురికే అని తేలిందనుకోండి. మొదటి దారి కడగడం. ఐస్ ముక్కలు వేసి బండి నడిపితే గోడలు రుద్దుకుని శుభ్రమైపోతాయని ఒకరు చెప్తే ఇంకొకరు నమ్మి గ్యాస్ స్టేషన్‌లో ఐస్ సంచులు కొనేస్తుంటారు. ఐస్ నీళ్ళ మీద తేలుతుంది, కాసేపటికి కరిగిపోతుంది, అది గోడల్ని రుద్దేదేం లేదు. నిజంగా పనిచేసేది నీళ్ళు, టైం. ట్యాంక్ దాదాపు నిండేదాకా నీళ్ళు పట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బో ఎంజైమ్ మందో వేసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు అలాగే డంప్ స్టేషన్ దాకా నడుపుకెళ్ళి వదిలెయ్యండి, పైపు దగ్గర క్లియర్ ఎల్బో (లోపల పారేది కనిపించే వంపు పైపు) పెట్టుకుంటే వచ్చే నీళ్ళు తేటపడ్డాయో లేదో కళ్ళారా కనిపిస్తుంది. ఫార్మాల్డిహైడ్ ఉన్న మందులు మాత్రం వద్దు, సెప్టిక్ మీద నడిచే క్యాంప్‌గ్రౌండ్‌లో అక్కడి బాక్టీరియా చచ్చిపోతుంది, చాలా చోట్ల ఒప్పుకోరు కూడా. బండికి బ్లాక్ ట్యాంక్ ఫ్లష్ కనెక్షన్ ఉంటే ఇంకా మంచిది, కానీ వాల్వ్ మూసి ఫ్లష్ నీళ్ళు వదిలితే అక్కణ్ణించి ఒక్క నిమిషం కూడా కదలకండి, ఫోన్ వచ్చిందని పక్కకెళ్తే టాయిలెట్లోంచి పైకి పొంగుతుంది, లేదా ట్యాంకే పగులుతుంది.

ఇలా కడిగితే గేజ్ నిజం చెప్తుంది. ఎన్నాళ్ళు అంటే, మళ్ళీ టిష్యూ అతుక్కునేదాకా. అందుకే కడగడాన్ని నేను గేజ్‌కి వైద్యం కింద చూడను, ట్యాంకుకి ఎలాగూ చెయ్యాల్సిన పని అది.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒకటుంది. మనవాళ్ళు చాలామంది ఆర్వీలో కూడా మగ్గో హ్యాండ్ షవరో పెట్టుకుంటారు, దాంతో బ్లాక్ ట్యాంక్ తొందరగా నిండుతుంది, 30, 40 గ్యాలన్ల ట్యాంక్ ఎంతకని వస్తుంది. కానీ పేపర్ తక్కువ, నీళ్ళు ఎక్కువ పడతాయి కాబట్టి గట్టిపడడం, గుట్టగా పేరుకోవడం బాగా తక్కువ. సైట్‌లోనే మురుగు పైపు కనెక్షన్ (హుకప్) ఉంది కదా అని బ్లాక్ వాల్వ్ తెరిచి ఉంచేసేవాళ్ళకి ఈ గుట్ట గ్యారంటీ, నీళ్ళన్నీ పోయి మిగతాది అక్కడే కూర్చుంటుంది. మనకి అసలు తలనొప్పి గ్రే ట్యాంకుతో, అంటే సింకు, షవర్ నీళ్ళు చేరేదానితో. పోపు నూనె, సాంబారు జిడ్డు, గంజి అన్నీ సింకులోంచి అందులోకే కదా. గిన్నెలు కడిగేముందు టిష్యూతో తుడిచి చెత్తలో వెయ్యకపోతే గ్రే గేజ్ బ్లాక్ కంటే ముందే పాడవుతుంది. షవర్ కింద నీళ్ళు పైకి తన్నితే గ్రే నిండినట్టే, ఆ టైంలో గేజ్ ఏమంటోందో చూడక్కర్లేదు.

రెండో దారి, అవే చిల్లుల్లో మెరుగైన ప్రోబ్ పెట్టడం. హోర్స్ట్ మిరాకిల్ ప్రోబ్స్ అని దొరుకుతాయి, వీటిలో లోహపు మొన చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, గోడ మీద పారే జిడ్డు పొర మొన దాకా రాకుండా అడ్డం పడుతుంది. చవక, పాత వైర్లే వాడుకోవచ్చు, ప్యానెల్ కూడా అదే. కానీ పాత బోల్టు పీకాలి, అంటే వాడిన ట్యాంకుకి చిల్లు తెరిచి కింద పడుకోవాలి, అది మీ ఇష్టం. పైగా ఇంత చేశాక కూడా వచ్చేది మూడోవంతు, మూడింట రెండొంతులు, ఫుల్, అంతే.

నేనైతే చూసేది ఒక్కటే, సెన్సర్ మురికికి తగులుతుందా లేదా. తగిలేది ఏదైనా ఇవాళ కాకపోతే వచ్చే ట్రిప్పులో అయినా తప్పు చెప్తుంది. అందుకే నా ఓటు మూడోదానికి, ట్యాంక్ బయట గోడకి అతికించే స్ట్రిప్ సెన్సర్లకి. కెనడా కంపెనీ గార్నెట్ వాళ్ళ సీలెవెల్ అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే పేరు. ట్యాంక్ ఎత్తుకి తగ్గట్టు స్ట్రిప్‌ని కత్తిరించి ప్లాస్టిక్ గోడకి అతికిస్తారు, అది గోడ అవతల ద్రవం ఎంత ఎత్తులో ఉందో బయట్నించే పసిగడుతుంది, ప్యానెల్ మీద లైట్ల బదులు శాతం కనిపిస్తుంది. 62 శాతం అని చూస్తే ఇంకో రాత్రి గడుస్తుందా లేదా అని లెక్క వేసుకోవచ్చు, మూడు లైట్లతో ఆ లెక్క కుదరదు. చిల్లుల అవసరమే లేదు, పాత వైర్లు చాలావరకు పనికొస్తాయి.

దీనికీ ఇబ్బందులున్నాయి. స్ట్రిప్ పక్కనే ఛాసీ (బండి చట్రం) ఇనుము ఉంటే రీడింగ్ చెడుతుంది, కాబట్టి ఇనుముకి ఎడంగా, చదునైన గోడ వెతుక్కోవాలి. లోపల మురికి అట్ట మరీ మందంగా కడితే ఇది కూడా తడబడుతుంది. అన్నిటికన్నా పెద్ద పని ట్యాంకుని చేరుకోవడం. చాలా ట్రైలర్లకి అడుగున ప్లాస్టిక్ షీటు మూసేసి ఉంటుంది, దాన్ని దించాలి లేదా కొయ్యాలి, మళ్ళీ టేపుతో మూసుకోవాలి. కిట్ ఖర్చు రెండు మూడు వందల డాలర్లు, షాపులో వేయిస్తే కూలీ అంతకంటే ఎక్కువవ్వచ్చు.

ఇంత అవసరమా అంటే, మీరు ఎక్కడ దిగుతారో దాన్ని బట్టి. ఎప్పుడూ ఫుల్ హుకప్ (నీళ్ళు, కరెంట్, మురుగు పైపు మూడూ ఉన్న) పార్కుల్లోనే దిగేవాళ్ళకి గేజ్ లేకపోయినా నడుస్తుంది. టాయిలెట్ పెడల్ తొక్కి టార్చి వేసి చూడండి, చాలా బళ్ళలో బ్లాక్ ట్యాంక్ సరిగ్గా దాని కిందే ఉంటుంది, మీద దాకా కనపడుతుంటే నిండిందని అర్థం. పైసా ఖర్చు లేదు, వాసన భరించాలి అంతే. గ్రేకి మాత్రం ఈ చిట్కా పనికిరాదు. కానీ నేషనల్ పార్కుల లోపల దిగేవాళ్ళ సంగతి వేరు. యెల్లోస్టోన్‌లో సూయర్ (మురుగు పైపు) హుకప్ ఉన్నది ఒక్క ఫిషింగ్ బ్రిడ్జ్‌లోనే, జయన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంట్ సైట్లున్నాయి గానీ సూయర్ లేదు, డంప్ స్టేషన్‌కి బండి కట్టుకుని వెళ్ళాలి. నలుగురు మనుషులు, రెండు ట్యాంకులు, సెటప్ అంతా విప్పి వెళ్తే తీరా ట్యాంక్ సగమే ఉందనుకోండి, పిల్లల ముందు తిట్టుకోలేం కూడా. అలాంటి ట్రిప్పులు చేసేవాళ్ళు స్ట్రిప్ సెన్సర్ పెట్టించుకోండి, బ్లాక్‌కి ఒక్కదానికే కాదు, గ్రేకి కూడా.

క్యాసెట్ టాయిలెట్, అంటే సూట్‌కేసులా లాక్కెళ్ళి వంపుకునేది, చిన్న వ్యాన్లకి బాగానే ఉంటుంది, కుటుంబంతో వెళ్ళేవాళ్ళు రోజూ మొయ్యలేరు. కంపోస్టింగ్ టాయిలెట్ మగ్గు నీళ్ళకి పనికిరాదు, వదిలెయ్యండి.

కొత్త బండి, వారంటీ ఇంకా ఉంటే అడుగు షీటు కొయ్యకముందు డీలర్ని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. అతికించే రోజు ట్యాంక్ బయటి గోడని ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనిచ్చాకే స్ట్రిప్ పెట్టండి, ఒకసారి అంటుకున్నాక జరపడానికి కుదరదు.