కిగాలీ చూసొచ్చాం: పది రోజులు, మూడు బసలు, ఒక మాస్టర్ ప్లాను

మాది తుళ్లూరు పక్కన పల్లె. రాజధానికి భూమి ఇచ్చిన ఇళ్లలో మాదీ ఒకటి. సింగపూర్ వాళ్లు గీసిన అమరావతి ప్లాను కాగితాలను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఏ రంగు దేనికో, మా పొలం ఏ రంగు కింద పడిందో కళ్లు మూసుకుని చెప్పగలను.

అలాంటి నాకు ఆఫ్రికాలోని రువాండా రాజధాని కిగాలీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒకరోజు ఫోన్ చేసి, "మావయ్యా, మనకు ప్లాను గీసిన సుర్బానా కంపెనీయే ఈ ఊరికీ గీసింది. ఇక్కడ రోడ్ల మీద తిరిగి చూడొచ్చు కూడా. మీరూ అత్తయ్యా ఒకసారి రండి" అన్నాడు. ఇక ఆగలేదు. రువాండా కామన్వెల్త్ దేశం కాబట్టి మన పాస్‌పోర్టుకు నెల రోజుల వీసా దిగాక ఉచితంగా ఇస్తారు. ముంబై, అడిస్ అబాబా మీదుగా వెళ్లాం. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని టీకా వేసినట్టు ఇచ్చే పసుపు పుస్తకం దగ్గర పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు మన దగ్గరే అడుగుతారు.

ప్లాస్టిక్ కవర్లు అక్కడ 2008 నుంచీ నిషేధం. మేనల్లుడు ముందే హెచ్చరించాడు గనక మా ఆవిడ గోంగూర పచ్చడిని స్టీలు డబ్బాలో పెట్టి మూతకు గుడ్డ కట్టింది. తీరా ఎయిర్‌పోర్టులో మమ్మల్ని పట్టిచ్చింది నా చెప్పులు. వాటిని చుట్టిన బట్టల షాపు కవరు తీసేసుకుని, చెప్పులు చేతికిచ్చి, చిరునవ్వుతో పంపేశారు.

మొదటి మూడు రాత్రులు కిమిహురురలో, కన్వెన్షన్ సెంటర్ డోము కనపడే ఒక హోటల్లో దిగాం. రాత్రిపూట ఆ డోము రంగులు మారుతుంటే బాగానే ఉంటుంది. రోడ్లు అద్దాల్లా ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద బండి లేదు, బడ్డీ కొట్టు లేదు, మనిషి నడవడానికే ఉంది. రాత్రి పదింటికి ఆడపిల్లలు ఒంటరిగా నడిచి వెళ్తుంటే మా ఆవిడ కాసేపు నిలబడి చూసింది. కానీ టీ తాగాలంటే కొట్టు లేదు. ఇళ్లు ఒకచోట, అంగళ్లు ఇంకోచోట అన్నట్టుంది. హోటల్ సంగతీ అంతే. గది శుభ్రం, పనివాళ్లు మర్యాదస్తులు. రెండు చొక్కాలూ ఒక ప్యాంటూ ఉతకడానికి వేసిన డాలర్ల బిల్లు చూశాక మాత్రం మూడో రోజు నుంచి స్నానాల గదిలో నేనే ఉతుక్కున్నాను. వేడినీళ్లు రెండు పూటలు రాలేదు. చెబితే "ఇప్పుడే వస్తాయి" అన్నారు. ఆ మాట మన దగ్గరా విన్నదే.

ఊరు మొత్తం కొండలే. ఇంచుమించు 1,500 మీటర్ల ఎత్తు కాబట్టి ఎండ పెద్దగా బాధించదు గానీ మోకాళ్లకు మాత్రం పరీక్షే. కిమిహురుర దగ్గర రాళ్లు పరిచిన ఎత్తు రోడ్డు ఒకటుంది. 2025లో ప్రపంచ సైకిల్ పోటీలు ఆ దారినే జరిగాయట. నేను నడిచి ఎక్కడానికే మూడుచోట్ల ఆగాను. అందుకే మోటో ఎక్కడం అలవాటు చేసుకోండి. బైకు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తారు, మీకూ హెల్మెట్ ఇస్తారు, ఇవ్వకుండా కదలరు. ఫోన్‌లో మోమోతో కట్టొచ్చు, మన ఫోన్‌పే లాంటిదే. బ్యాటరీ బైకులు కూడా బాగా కనిపిస్తున్నాయి. అడ్రస్ చెప్పడం తేలిక. వీధి పేరు ముందు కేజీ అని ఉంటే గసాబో జిల్లా, కేఎన్ అంటే న్యారుగెంగె, కేకే అంటే కిచుకిరో. తర్వాత వీధి నంబరు. 'వేపచెట్టు పక్క సందు' అని చెప్పే పనిలేదు.

బస్సుల దగ్గరికొస్తే నా మార్కులు తగ్గుతాయి. సాయంత్రం రెమెరా స్టాండులో యాభై నిమిషాలు క్యూలో నిలబడ్డాం. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ గొడవ పడలేదు, అందరి దగ్గరా కార్డు ఉంది. లేనిది బస్సే. బస్సులకు ప్రత్యేక దారి మాస్టర్ ప్లానులో ఉందని మేనల్లుడు చెప్పాడు. "ప్లానులో ఉంటే ఎలా ఎక్కాలిరా?" అంది మా ఆవిడ వాడితో.

ఈ ప్లాను కథ కొంత చెప్పాలి. 1962లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రాజధాని అయినప్పుడు కిగాలీ కొన్ని వేలమంది ఉన్న చిన్న ఊరు. 1994లో టుట్సీ తెగవాళ్లను ఊచకోత కోసిన మారణహోమం తర్వాత దాదాపు మొదటినుంచీ కట్టుకున్నారు. 2022 జనగణన నాటికి జనం 17 లక్షలు దాటారు, 2050కి 38 లక్షలవుతారని అంచనా. ఊరి విస్తీర్ణం 730 చదరపు కిలోమీటర్లు, అందులో వాలు ఎక్కువైన కొండలూ చిత్తడి లోయలూ పోగా కట్టుకోగల నేల తక్కువ. 2013లో చేసిన ప్లాను మరీ బిగుసుకుపోయిందని, ఇళ్లున్నచోట ఇళ్లే అంటే సామాన్యుడు కట్టలేడని విమర్శలొచ్చాయి. 2020లో సవరించిన 2050 ప్లానులో ఇల్లూ అంగడీ కలిసి ఉండే ప్రాంతాలకూ, డబ్బు చేతికొచ్చిన కొద్దీ ఇల్లు పెంచుకునే పద్ధతికీ చోటిచ్చారు.

ఆ తేడా నాకు అర్థమైంది రెండో బసలో. న్యామిరాంబో పాత పేట. ముస్లిములు ఎక్కువ, రంగురంగుల గోడలు, దర్జీ మిషన్లు, రాత్రి పన్నెండింటికీ వెలిగే సెలూన్లు. గెస్ట్‌హౌస్ చిన్నది. హోటల్ గది అద్దెలో సగం కూడా కాలేదు. తెల్లవారుజామున మసీదు పిలుపు, తర్వాత కోడి, తర్వాత మోటోలు. నిద్ర తేలికైన వాళ్లు ఆలోచించుకోండి. కానీ వీధి చివర పాల కొట్టుంది. పాల కొట్టంటే నిజంగా పాలే, బల్లల ముందు కూర్చుని జనం గ్లాసులతో తాగుతారు. అక్కడ ఇకివుగుతో అని ఒకటిస్తారు. అచ్చం మన చిక్కటి మజ్జిగ, కాస్త పులుపు. మూడు రోజులుగా అరటికాయ ఉడికించిందీ, కర్రపెండలం ఆకు కూర ఇసొంబే తిన్న మాకు అది దేవుడిచ్చిన పెరుగన్నం. అన్నంలో పోసుకుని గోంగూర నంజుకుంటుంటే కొట్టు ఆవిడ డబ్బా వైపు వేలు చూపించింది. కొంచెం పెట్టాం. రుచి చూసి, లోపలికెళ్లి కంటి చుక్కల మందు సీసాలాంటిది తెచ్చి మా ముందు పెట్టింది. అది అకబాంగా. మిరపకాయ నూనె, చుక్కల్లెక్కన వేసుకోవాలి. మనం గుంటూరు వాళ్లం కదా అని నాలుగు చుక్కలు పిండాను. మొదట ఏమీ లేదు. తర్వాత చెవులు వేడెక్కాయి. ఆవిడ మాట్లాడకుండా ఇంకో గ్లాసు ఇకివుగుతో తెచ్చి నా పక్కన పెట్టింది.

న్యామిరాంబోలో ఉండగానే నెలలో చివరి శనివారం వచ్చింది. ఉదయం గిసోజీలో ఉన్న 1994 మారణహోమ మృతుల స్మారకం చూద్దామని తయారై బయటికొస్తే రోడ్డు నిర్మానుష్యం. మోటో లేదు, కొట్టు లేదు. ఉముగాండ అట. ఎనిమిది నుంచి పదకొండు దాకా ఊరంతా సామూహిక పని. గెస్ట్‌హౌస్ వాళ్లు ముందురోజు ఒక్క మాట చెప్పుంటే బాగుండేది. ఊరికే నిలబడలేక నేనూ పార పట్టి వీధి కాలువలో పూడిక తీశాను. పక్కన ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక మేస్త్రీ. పని అయ్యాక అక్కడే నిలబడి మీటింగు పెట్టుకున్నారు. భాష అర్థం కాలేదు గానీ ఒకాయన వేలు చాపి మాట్లాడిన తీరు మాత్రం మా పంచాయతీ గ్రామసభే.

గిసోజీకి మధ్యాహ్నం వెళ్లాం. ప్రవేశం ఉచితం. రెండున్నర లక్షల మందికి పైగా అక్కడ సమాధి అయ్యారు. పిల్లల ఫొటోల గదిలోకి మా ఆవిడ రాలేకపోయింది. ఆ పూటకు ఇంకే కార్యక్రమం పెట్టుకోకండి.

మూడో బస మేనల్లుడి ఫ్లాటుకు దగ్గర్లో, వంటగది ఉన్న అద్దె ఇల్లు. కుటుంబంతో వెళ్తే ఇదే లాభం. కిమిరొంకో మార్కెట్లో టమాటాలు, బీన్స్, పచ్చి అరటి అన్నీ దొరుకుతాయి, బేరం తప్పదు. అక్కణ్నుంచి న్యాండుంగు పార్కు దగ్గర. నాకు ఊరంతటిలో బాగా నచ్చింది ఇదే. 121 హెక్టార్ల చిత్తడి నేల. పాడైపోయిన దాన్ని బాగుచేసి 2022లో తెరిచారు. జమ్ము పొదల మధ్య బాటలు, చెరువులు, పిట్టలు. కొండల మీద కురిసిన వాన ఇలాంటి లోయల్లోకే దిగుతుంది, అందుకే కట్టడాలు రానివ్వరు. గికొండో లోయలో ఉన్న పరిశ్రమలను సైతం ఖాళీ చేయించారు. మా కొండవీటి వాగు పొంగిన ఏడాదుల్ని తలుచుకుంటూ ఆ బాట మీద రెండు గంటలు కూర్చున్నాను.

ఖాళీ చేయించడమనే మాట దగ్గర నాకో ముల్లుంది. న్యారుతరామాలో పెద్ద బంగళాల పక్కనే బన్యాహె అనే పేదల వాడ ఉండేది. మరుగుదొడ్లు లేక 'ఎక్కడికి వెళ్లేది?' అన్న అర్థంలో పడ్డ పేరట అది. అక్కడివాళ్లు భూమికి డబ్బు అడిగారు, ఊరి అవతల బుసాంజాలో ఫ్లాట్లు ఇస్తామన్నారు, కోర్టుల దాకా వెళ్లింది. 2022లో కూల్చేశారు. ఇప్పుడు చూస్తే చదునైన స్థలం. భూమి ఇచ్చిన రైతుగా నేను ఆ పక్కన మోటో ఆపించుకుని దిగాను, ఫొటో తీయబుద్ధి కాలేదు.

దానికి భిన్నంగా న్యారుగెంగెలో ఎంపాజి అనే చోట, ఉన్నవాళ్లను అక్కడే ఉంచి ఫ్లాట్లు కడుతున్నారు. స్థలం విలువకు తగ్గ ఫ్లాటు ఇస్తారు. కింద కాలువ, పైన ఇటుక గోడల కొత్త భవంతులు, పక్కనే ఇంకా మిగిలిన రేకుల ఇళ్లు. వరండాలో ఒక ముసలావిడ కోడిని గంప కింద మూసిపెట్టింది. నాలుగో అంతస్తు. "కోడి మెట్లు ఎక్కుతుందా?" అని మేనల్లుడితో అడిగించాను. తనే మోసుకెళ్తుందట, పొద్దున కిందికి, సాయంత్రం పైకి.

మళ్లీ వెళ్తే హోటల్ జోలికి పోను. అయిదు రోజులు న్యామిరాంబో, అయిదు రోజులు వంటగది ఉన్న ఇల్లు. చివరి శనివారం ఎప్పుడొస్తుందో క్యాలెండర్లో చూసుకుని టికెట్ తీసుకోండి. అకబాంగా సీసాలు నాలుగు తెచ్చాం. మా అన్నయ్యకు ఇస్తే "ఇంత చిన్న సీసాలో కారమేంట్రా" అన్నాడు. చుక్కల సంగతి నేను చెప్పలేదు.